పొత్తుమనిషి

డాక్టర్ విశాలాక్షి గారు అన్నది "గ్లూటమేట్ ఎక్కువగా ఉంది" అని. ఐసీయూ తలుపు సందులో చెవి పెట్టిన సింహాద్రమ్మ విన్నది "గుళ్ళో టమాటా ఎక్కువైంది" అని.

ఇంకేముంది, అయిదు నిమిషాల్లో వరండా అంతా టమాటా రంగుకి తిరిగింది.

"మొన్న శనివారం గుళ్ళో సంతర్పణకెళ్ళాడర్రా మా తమ్ముడు! టమాటా పప్పు మూడుసార్లు అడిగి మరీ వేయించుకున్నాడు. అదే తలకెక్కిందంట. డాక్టరమ్మ సొంత నోటితో చెప్పింది, నేను సొంత చెవులతో విన్నాను!"

"టమాటా తలకెక్కడమేంటే? అదేమన్నా నూనా?" అన్నాడు ఆవిడ మొగుడు.

"నువ్వూరుకో. నీ తలకేదీ ఎక్కదు."

దెబ్బ తగిలింది ఒక్క తలకే గానీ, మాటలు మాత్రం తలా ఒకటి. ఒకాయన గుళ్ళో వంటవాణ్ణి పట్టుకు రమ్మన్నాడు. ఒకావిడ, రెండు కిలోల టమాటాలు దిగదుడిచి కాలవలో పారేస్తే దిష్టి పోతుందంది. ఆ గోలలో గోడవారగా కూర్చున్న ఒక బక్కపల్చటి ఆడమనిషి చప్పుడు చెయ్యకుండా లేచి, పక్కనున్న క్యారేజీ విప్పి, అందులోంచి టమాటా పులుసు గిన్నె తీసి దూరంగా పెట్టేసింది. ఆవిడ అచ్చాయమ్మ. లోపల స్పృహ లేకుండా పడుకున్న భూషణం భార్య.

"నేనూ వేస్తానండి టమాటా, పులుసులో," అంది నన్ను చూసి, తప్పు ఒప్పుకుంటున్నట్టు. "ఆయనకిష్టమని."

నేనంటే గవర్రాజుని. ఆ ఐసీయూలో ల్యాబ్ టెక్నీషియన్ని. నాది గొంతు కాదు, గొడవ. "నిశ్శబ్దం పాటించండి" అనే బోర్డులు మా ఆస్పత్రిలో ఏడు ఉంటే, ఆరు నా సీటు చుట్టూనే ఉన్నాయి. నా కేకకి స్పృహ లేని పేషెంట్లు ఉలిక్కిపడి లేవాలని నా ఆశ. ఇప్పటిదాకా స్పృహ ఉన్న నర్సులే ఉలిక్కిపడ్డారు.

"అమ్మా, అది టమాటా కాదు..." అని నేను మొదలుపెట్టానో లేదో, లోపలి నుంచి డాక్టరుగారి పిలుపు.

"గవర్రాజు గారూ! పొత్తుమనిషి దొరికారా?"

టమాటా సంగతి అలా పచ్చిగానే ఉండిపోయింది.

*

భూషణం లంకలగరువు రేవులో పంటు నడిపే సరంగు. పంటు అంటే రెండు పడవలు జత కట్టి, పైన బల్లలు పరిచి, మనుషుల్నీ మోటార్‌సైకిళ్ళనీ మేకల్నీ కలిపి గోదారి దాటించే సాధనం. మా ఊరు ఆ ఒడ్డు, ఆస్పత్రి ఈ ఒడ్డు. కాబట్టి తొమ్మిదేళ్ళుగా నేను రోజూ రెండుసార్లు భూషణం చేతుల్లో ఉన్నవాణ్ణే. పంటు ఎక్కే ప్రతివాణ్ణీ అతను ఒకటే అడిగేవాడు: "భోజనమైందా బాబూ?" అడిగించుకోవడమే సగం భోజనం.

నిన్న సాయంత్రం పంటుని ఒడ్డుకి కడుతూ ఉంటే మోకు తెగి, దాని కొస వచ్చి అతని తలకి కొట్టింది. ఇవాళ మొట్టమొదటిసారి అతను నా చేతుల్లో ఉన్నాడు.

దెబ్బ తిన్న మెదడుని ఫొటో తీసే యంత్రాలు బోలెడున్నాయి. కానీ ఫొటోలో ఇల్లు కనబడుతుంది, ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో కనబడదు. విశాలాక్షి గారు పదకొండేళ్ళు కూర్చుని తయారుచేసిన యంత్రం ఆ పొయ్యిని చూస్తుంది. వెంట్రుకంత గొట్టం ఒకటి మెదడులోకి వెళుతుంది. పావుగంటకొక చుక్క పైకి వస్తుంది. ఆ చుక్కలో ఆరువందల రకాల పదార్థాలు ఎంతెంత ఉన్నాయో యంత్రం చెబుతుంది. చక్కెర కట్టె, ల్యాక్టేట్ పొగ, గ్లూటమేట్ నిప్పురవ్వ. రవ్వలు ఎక్కువ ఎగిరితే పక్క గది అంటుకుంటుంది. రుచి చూసే యంత్రం కాబట్టి దాని పేరు నేను "నాలిక" అని పెట్టాను. డాక్టరుగారు పెట్టిన ఇంగ్లీషు పేరు పలకడానికి మనిషికి రెండు నాలికలుండాలి.

చిక్కేమిటంటే, ఏ ఇంటి పొయ్యి ఆ ఇంటిదే. ఒకరికి పొగ అనిపించేది ఇంకొకరికి సాంబ్రాణి. దెబ్బ తగలకముందు ఈ మనిషి ఒంట్లో ఏది ఎంత ఉండేదో తెలిస్తేగాని, ఇప్పుడు ఎంత తేడా వచ్చిందో తెలియదు. నిక్షేపంలా ఉన్నప్పుడు ఎవరు పరీక్ష చేయించుకుంటారు? అక్కడే డాక్టరుగారు ఒక చిత్రం కనిపెట్టారు. ఏళ్ళ తరబడి ఒకే కుండలో వండింది, ఒకే వేళకి తిన్నవాళ్ళ ఒళ్ళు లోపల కవలల్లా తయారవుతాయట. కాబట్టి పేషెంటుతో పొత్తులో తిన్న మనిషి నుంచి రోజూ ఒక చుక్క రక్తం తీసుకుని, దాన్నే అద్దంలా పెట్టుకుని పేషెంటుని చూడవచ్చు. ఆ మనిషే పొత్తుమనిషి. పొత్తు కుదిరితే ప్రభుత్వాలే నిలబడుతున్నాయి, మెదడు నిలబడదా?

"ఆయనతో ఒకే కుండలో అన్నం తినేది ఎవరండీ?" అని అడిగారు విశాలాక్షి గారు వరండాలోకి వచ్చి.

సింహాద్రమ్మ చెయ్యెత్తింది. "నేనేనండి! ఒకే కంచంలో తిన్నాం, ఇద్దరం."

"ఎప్పుడు?"

"చిన్నప్పుడు."

అచ్చాయమ్మ తల వంచుకుని చెప్పింది. "ఆయన తిన్నాక ఆ కంచంలోనే పెట్టుకు తింటానండి నేను. ఇరవయ్యారేళ్ళ నించీ."

"రోజూనా?"

"ఆయ్. రాత్రైతే ఆఖరి ట్రిప్పు ముగించుకుని వచ్చేదాకా ఆగుతానండి."

"ఒక్కరోజు కూడా ఆయనకంటే ముందు తినలేదా? ఆకలెయ్యదూ?"

అచ్చాయమ్మ ఆ ప్రశ్న ఎవరూ ఎప్పుడూ అడగనట్టు చూసింది. "ఆయన తిన్నాక వేస్తదండి," అంది.

విశాలాక్షి గారి ముఖం వెలిగిపోయింది. ఇంత నిఖార్సైన అద్దం ఆవిడకి ఇంతవరకు దొరకలేదు. భూషణానికీ అద్దానికీ పోలిక ఎంతో ఆ రోజు లెక్క వచ్చింది: వందకి అరవై రెండు. మంచి అంకె. ఏడోరోజు ఉదయం పది గంటలకి ఆ అంకె నలభైకి తగ్గకపోతే వైద్యం సాగుతుంది. తగ్గితే పేషెంటుని వెనక వార్డుకి మారుస్తారు. వెనక వార్డులో యంత్రాలుండవు. కిటికీలుంటాయి, చుట్టూ కూర్చోవడానికి కుర్చీలుంటాయి. అక్కడికి వెళ్ళినవాళ్ళెవరూ మళ్ళీ ముందుకి రాలేదు.

*

రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి నేను అచ్చాయమ్మ వేలు గుచ్చి ఒక చుక్క తీసేవాణ్ణి. తీసేముందు పొత్తుమనిషిని నాలుగు ప్రశ్నలు అడగాలి. నిద్ర పట్టిందా, జ్వరముందా, మందులేమైనా వాడారా, మామూలు భోజనం చేశారా. కాగితం మీద అవును, కాదు అని రెండు గళ్ళుంటాయి.

"భోజనమైందా అచ్చాయమ్మా?" అనేవాణ్ణి వరండా అదిరేట్టు.

"అయిందండి," అనేది ఆవిడ నాకే వినపడీ వినపడనట్టు.

అవును గడిలో టిక్కు.

సింహాద్రమ్మ నోరు మంచిది కాకపోయినా చెయ్యి మంచిది. రోజూ మధ్యాహ్నం మరదలి కోసం క్యారేజీ పంపేది, టమాటా లేకుండా. బెండకాయ పులుసు, కందిపొడి, ములక్కాడ జీడిపప్పు. రెండోరోజు మధ్యాహ్నం అచ్చాయమ్మ ఆ క్యారేజీ నా ముందుకి జరిపింది.

"తవరు తినండి బాబూ. నాకిందాకే అయింది."

తిండి దగ్గర నేను మొహమాటపడి ఎరగను. తిన్నాను. మూడోరోజూ తిన్నాను. నాలుగోరోజు, ఒట్టు, పదకొండు గంటల నుంచే ఎదురుచూశాను.

నాలిక మాత్రం ఏ రోజుకారోజు చేదు మాటలే చెప్పింది. అరవై. యాభై అయిదు. యాభై. నలభై అయిదు. అదుపు తప్పిన పంటులా కిందికి, ఇంకా కిందికి. విశాలాక్షి గారు మందులు మార్చారు, చల్లదనం పెంచారు, ముక్కు గొట్టంలోంచి పోసే ద్రవాహారం మార్చారు. ఫొటో తీస్తే వాపు తగ్గినట్టే ఉంది. నాలిక ఒప్పుకోలేదు. నరం లేని నాలుక ఏమైనా అంటుందని పెద్దలు ఊరికే అనలేదు. మా నరం లేని నాలిక నరాల జబ్బుకే తీర్పు చెబుతోంది.

భూషణాన్ని చూడటానికి అచ్చాయమ్మకి పొద్దున ఒక పావుగంట, సాయంత్రం ఒక పావుగంట ఇచ్చేవారు. ఆవిడ ఏడ్చేది కాదు. మంచం చివర నిలబడి, అతని పాదం తన రెండు చేతుల్లో పెట్టుకుని, రేవు కబుర్లు చెప్పేది.

"ఇయ్యాల నీరు పెరిగింది మావా. ఎర్రనీరు దిగింది. ఆ కొత్త సరంగున్నాడు చూడు, పంటు తీసుకెళ్ళి ఇసకదిబ్బకి కొట్టేశాడంట. మేకలన్నీ దిబ్బ మీదకి దిగిపోయాయంట, ఎక్కమంటే ఎక్కవంట. నువ్వైతే నవ్వేవాడివి."

ఐసీయూ అంటే ఇంగ్లీషులో "నిన్ను చూస్తున్నాను" అని కూడా వినబడుతుంది. లోపలికొచ్చే చుట్టాలందరూ యంత్రాల వంక చూస్తారు. యంత్రం వంక ఒక్కసారి కూడా చూడకుండా మనిషినే చూసింది ఈవిడ ఒక్కతే.

ఆరోరోజు పొద్దున వేలు గుచ్చుతుంటే ఆవిడ ఏదో అడిగింది. వినబడక ముందుకి వంగాను. ఆవిడ నోటి నుంచి బాగా మాగిన అనాసపండు వాసన వచ్చింది.

"ఏమ్మా, మాకు పెట్టకుండా అనాసపళ్ళు లాగిస్తున్నావా?"

ఆవిడ నవ్వడానికి ప్రయత్నించింది. "మా ఆయన వింటున్నాడంటారా బాబూ, నేను చెప్పేయన్నీ?" అదీ ఆవిడ అడిగింది.

ఆ రోజు అంకె నలభై ఒకటి. క్యారేజీలో ఏముందో నేను విప్పి చూడలేదు.

*

ఏడోరోజు పొద్దున ఏమీ తినకుండానే బయల్దేరాను. పది గంటలకి వెనక వార్డు కాగితాల మీద అచ్చాయమ్మ వేలిముద్ర తీసుకోవాలి. ఆరురోజులు గుచ్చిన వేలు ఏడోరోజు సిరాలో ముంచాలి. ముద్ద ఎలా దిగుతుంది?

కొత్త సరంగు ఎవరినీ ఏమీ అడగడు. పంటు నడిగోదారికి వచ్చేసరికి, పక్కన నిలబడ్డ పాలక్యానుల మనిషి ఊరికే పలకరింపుగా అన్నాడు.

"ఏమండీ గవర్రాజు గారూ, టిఫినయిందా?"

"అయిందండి," అన్నాను.

అన్నాక ఆగిపోయాను. ఏమయింది? నా మొహం అయింది. కడుపులో మంచినీళ్ళు తప్ప ఏమీ లేవు. మరి అయిందని ఎందుకన్నాను?

ఎందుకంటే అడిగినవాడు అడగలేదు కనుక. మనం టిఫినయిందా అనేది నమస్కారం పెట్టడానికి. దానికి అయిందనడం తిరిగి నమస్కారం. లేదన్నామంటే అడిగినవాడు పాపం వండిపెట్టాలి. ఆ కష్టం ఎవరికీ పెట్టకూడదని ప్రాణం పోతున్నా అయిందనే అంటాం.

ఆరురోజులుగా అచ్చాయమ్మకి నేను పెట్టిన నమస్కారాలన్నీ అవును గడిలో టిక్కులయి కూర్చున్నాయి.

"ఆయన తిన్నాక వేస్తదండి ఆకలి." ఆయన ఎప్పుడు తిన్నాడు? నా ముందుకి జరిపిన ఆ క్యారేజీలు ఎవరివి? తిండి లేని ఒళ్ళు తన కొవ్వు తానే కాల్చుకుంటుందనీ, అప్పుడు పుట్టే కీటోన్లకి మాగిన పండు వాసన వస్తుందనీ ఇరవై ఏళ్ళుగా ల్యాబులో గాజుగొట్టాలు కడిగినవాడికి తెలియదా? ఉపవాసంలోనే వాసం ఉంది, వాసనా ఉంటుందని తట్టలేదా? తట్టలేదు. పులుసు వాసన అడ్డొచ్చింది.

మేము పొత్తు అనుకున్నది పస్తు. భూషణం దారి తప్పలేదు. అద్దం చిక్కిపోతోంది. చిక్కిపోతున్న అద్దంలో చూసి, ఎదుటివాడు పాడైపోతున్నాడని రాసుకుంటున్నాం.

డాక్టరుగారికి ఫోను చేశాను. రౌండ్లలో ఉన్నారేమో, ఎత్తలేదు. ఆ పూట పంటు గోదారి మీద కాదు, నా గుండె మీద నడిచింది.

"ఇంకొంచెం తొయ్యవయ్యా సరంగూ!" అని నేను పెట్టిన కేకకి రెండు మేకలు కూర్చుండిపోయాయి.

*

వరండాలో స్టూలు మీద కాగితాలున్నాయి. సిరాడబ్బా ఉంది. సింహాద్రమ్మ మరదలి చెయ్యి పట్టుకుని వెక్కుతోంది. విశాలాక్షి గారు ఆ ఉదయం తీసిన చుక్కతో వచ్చిన అంకె మెల్లగా చెబుతున్నారు. నేను రావడం ఆలస్యమైందని ఆ చుక్క నర్సు తీసింది.

"ముప్ఫై ఎనిమిదమ్మా."

"ఆగండి!" అని అరిచాను. ఆరు బోర్డులూ ఒక్కసారి ఊగినట్టయింది. "అచ్చాయమ్మా! రాత్రి భోజనమైందా?"

"అయిందండి," అంది అలవాటుగా.

"అయిందో లేదో కాదు తల్లీ. కూరేంటి?"

ఆవిడ సింహాద్రమ్మ వంక చూసింది.

"మొన్న రాత్రి? అటు మొన్న? పోనీ ఈ ఆరురోజుల్లో ఒక్కపూట తిన్న కూర పేరు చెప్పు."

అచ్చాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దొంగతనం బయటపడ్డ పసిపిల్లలా అయిపోయింది ముఖం.

"ఆయన తిన్లేదు కదండీ," అంది.

వరండా నిశ్శబ్దమైపోయింది. అంత నిశ్శబ్దం ఏ బోర్డూ సాధించలేదు.

"ముక్కులో గొట్టంతో పోస్తున్నారు కదే!" అంది సింహాద్రమ్మ.

"ముక్కులో పోస్తే తిండేటి వదినా? మంచినీళ్ళు తాగుతున్నానుగా. పల్చగా మజ్జిగ కూడా తాగాను." ఆవిడ డాక్టరుగారి వైపు తిరిగింది. "మొక్కేం కాదండి. పట్టుదలా కాదు. ముద్ద కలిపితే ఆయన కంచం గుర్తొస్తంది. చెయ్యి లేవదు."

విశాలాక్షి గారు గోడకి చెయ్యి ఆనించుకున్నారు. ఏం జరిగిందో ఆవిడకి నేను చెప్పనక్కర్లేకపోయింది.

"మొదటిరోజు చుక్క ఉందా గవర్రాజు గారూ?"

"ఫ్రీజర్‌లో దాచానండి."

దెబ్బ తగిలిన మర్నాటి ఉదయం తీసిన చుక్క. ముందురోజు మధ్యాహ్నం భూషణం తిని పంటు మీదకి వెళ్ళాక, ఆ కంచంలోనే ఆవిడ తిన్నది ఇంకా ఒంట్లో ఉన్నప్పటి చుక్క. ఆ పాత అద్దంలో ఏడు రోజుల భూషణాన్నీ మళ్ళీ చూశాం. గంటన్నర పట్టింది. తెర మీద అంకెలు ఒక్కొక్కటే వచ్చాయి. అరవై రెండు. అరవై ఒకటి. అరవై రెండు. అరవై రెండు. అరవై మూడు. అరవై నాలుగు. ఆఖరికి ఆ ఉదయానిది, ముప్ఫై ఎనిమిది అన్న చోట, అరవై ఆరు.

భూషణం కిందికి కొట్టుకుపోవడం లేదు. ఎదురీదుతూ, మెల్లగా, ఒడ్డుకే వస్తున్నాడు. వెనక్కి తోస్తున్నది మేమే.

నేను ఎగిరి గంతేశాను. విశాలాక్షి గారు గంతేయలేదు. బీరువా తెరిచి రెండు పాత ఫైళ్ళు తీసి బల్ల మీద పెట్టారు. నాలిక మాట విని వెనక వార్డుకి పంపినవాళ్ళు ఇద్దరు.

"ఈయన పొత్తుమనిషి వాళ్ళమ్మ," అన్నారు. "రోజూ అవును అనే ఉంది."

టిక్కులు నావే. నా చేతి టిక్కు కొంచెం తోక పొడుగ్గా ఉంటుంది.

ఇంకొకాయన పొత్తుమనిషి మొదటిరోజు చుక్క ఫ్రీజర్‌లో ఉంది. చూశాం. ఏ తేడా లేదు, నాలిక నిజమే చెప్పింది. రెండోది, ఆ తల్లిది, అప్పుడే వాడేశాం. మిగల్లేదు. ఆవిడ తిన్నదో లేదో ఇక ఎవరికీ తెలియదు.

"ఆరువందల పదార్థాలు కొలిచాను," అన్నారు విశాలాక్షి గారు ఫైళ్ళు బీరువాలో పెడుతూ. "అడిగే పద్ధతి ఒక్కటి కొలవలేదు."

"ఆ పద్ధతి నాదండి," అన్నాను. అది తప్ప ఇంకో మాట నోట్లోంచి రాలేదు. మాటల్ని ఇటు తిప్పి అటు తిప్పి ముప్ఫై ఏళ్ళు బతికిన నోరు అది.

ఆ సాయంత్రమే ఆవిడ కాగితం మార్చారు. నాలుగో ప్రశ్న తీసేసి, దాని చోట అవును కాదు గళ్ళు లేకుండా, నాలుగు గీతలు గీశారు. పైన ఒకటే మాట: ఏం తిన్నారు?

*

పేచీ అంతటితో తీరలేదు. అద్దం మళ్ళీ మామూలు కావాలంటే అచ్చాయమ్మ తినాలి. ఆవిడ తినాలంటే ఆయన తినాలి. డాక్టరుగారు చెప్పారు, సింహాద్రమ్మ తిట్టింది, బతిమాలింది. ఆవిడ సరేనని కంచం ముందు కూర్చునేది. చెయ్యి లేచేది కాదు.

అప్పుడు నాకు నా గొంతు గుర్తొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం పన్నెండున్నరకి నర్సు గొట్టంలో ద్రవాహారం పోయడం ముగించింది. నేను ఐసీయూ తలుపు బార్లా తెరిచి, రేవులో ఆఖరి పంటుకి పిలిచినట్టు పిలిచాను.

"భూషణం గారి భోజనమైందహో! కంచం సిద్ధమహో!"

నర్సులు చెవులు మూసుకున్నారు. విశాలాక్షి గారు మాత్రం, ఆ గోల పడని మనిషి, ఒక కుర్చీ తెచ్చి భూషణం మంచం పక్కన స్వయంగా వేశారు. అచ్చాయమ్మ వచ్చి కూర్చుంది. సింహాద్రమ్మ ఇంటి నుంచి భూషణం కంచమే పట్టుకొచ్చింది, అంచు ఒకచోట సొట్టపోయిన స్టీలు కంచం. అందులో పల్చటి జావ పోసింది. వారంరోజుల పస్తు మీద ముద్దలు పనికిరావని డాక్టరుగారి ఆజ్ఞ.

అచ్చాయమ్మ మొగుడి మొహం చూసింది. ముక్కు గొట్టం చూసింది. "తిన్నావా మావా?" అని అడిగి, కాసేపు ఆగి, మొదటి గుక్క తాగింది.

అలా రోజుకి నాలుగుసార్లు కేక వేశాను. మూడోరోజుకి ముద్ద దిగింది. నాలుగోరోజుకి ఆవిడ దగ్గర అనాస వాసన పోయి పెసరపప్పు వాసన వచ్చింది. అద్దం తేటపడింది. డెబ్బై. డెబ్బై మూడు. పన్నెండోరోజు నా కేకకి భూషణం కనురెప్పలు అదిరాయి. స్పృహ లేనివాడు నా గొంతుకి ఉలిక్కిపడటం నా ఉద్యోగ జీవితంలో అదే మొదలు. డాక్టరుగారు ఒక బోర్డు తీయించేశారు.

పదహారోరోజు గొంతులో ఉన్న ఊపిరి గొట్టం తీశారు. మింగగలడని తేలితే ముక్కు గొట్టం కూడా తీసేస్తామన్నారు. సాయంత్రం నాలుగింటికి అందరినీ లోపలికి రానిచ్చారు. భూషణం కళ్ళు తెరిచి, ఒక్కొక్కరినీ రేవులో లెక్కపెట్టుకున్నట్టు చూస్తున్నాడు.

సింహాద్రమ్మ ఆగలేకపోయింది. "ఒరేయ్ తమ్ముడూ, ఇంక జన్మలో గుళ్ళో టమాటా ముట్టకు!"

"ఏ టమాటా?" అన్నారు విశాలాక్షి గారు.

"అదేనండి, తవరే చెప్పారుగా! గుళ్ళో టమాటా ఎక్కువైందని. ఆ రోజు నించీ మా ఇళ్ళల్లో ఎవరం టమాటా కొనలేదండి."

పదహారు రోజులు పచ్చిగా ఉన్న సంగతి పండింది. ఈసారి నన్నెవరూ లోపలికి పిలవలేదు, ఎందుకంటే లోపలే ఉన్నాను. చెప్పాను. డాక్టరుగారన్నది గ్లూటమేట్ అనీ, అది మెదడు తనకు తాను తయారుచేసుకునే పదార్థమనీ, గుళ్ళో పప్పుకీ దానికీ చుట్టరికం లేదనీ.

"టమాటాలో కూడా ఉంటుందనుకోండి," అన్నారు డాక్టరుగారు నవ్వు ఆపుకుంటూ, "కానీ తిన్నది అలా తలకెక్కదు."

"చెప్పానా!" అన్నాడు సింహాద్రమ్మ మొగుడు.

ఒకటి చెప్పాక రెండోది దాచడం ఎందుకని అదీ అందరి ముందూ చెప్పేశాను. పొత్తుమనిషి సంగతి, అద్దం సంగతి, నేను వేసిన టిక్కులు, నేను తిన్న క్యారేజీలు. భోజనమైందా అని నేను పలకరిస్తే ఆవిడ అయిందని పలకరించిన సంగతి. ఆ పలకరింపులకి భూషణం వెనక వార్డు దాకా వెళ్ళి వచ్చిన సంగతి. చెబుతుంటే నా గొంతు నాకే వినబడలేదు.

"క్షమించు భూషణం," అన్నాను. "నువ్వు తొమ్మిదేళ్ళు నన్ను ఒడ్డు దాటించావు. నేను వారంలో నిన్ను ముంచేసేవాణ్ణి."

అతను నా మాట విన్నాడో లేదో. చూపు అచ్చాయమ్మ మీద ఆగిపోయింది. ఆవిడ బుగ్గల గుంటల మీద, వదులైన గాజుల మీద చాలాసేపు ఆగింది. పెదాలు కదిలాయి. మాట బయటికి రావడానికి రెండుసార్లు ప్రయత్నం చెయ్యాల్సి వచ్చింది.

"ఏమే... తిన్నావా?"

"అయ్యిం..." అని, సగంలో ఆపేసింది అచ్చాయమ్మ. నా వంక చూసింది. నా చేతిలో ఉన్న కాగితం మీద నాలుగు గీతల వంక చూసింది. మళ్ళీ మొగుడి వైపు తిరిగి, ఒక్కొక్కటీ వేళ్ళు మడిచి చెప్పింది.

"తిన్నాను మావా. అన్నం. కందిపొడి, నెయ్యి. వదిన చేసిన బెండకాయ పులుసు. రెండోసారి కూడా వేయించుకున్నాను. ఇయ్యాల ఈయన కేక వెయ్యకముందే ఆకలేసింది. ఆగలేకపోయాను. నీకన్నా ముందే తినేశాను."

భూషణం కళ్ళు మూసుకున్నాడు. అలసిపోయాడేమో, పడుకుంటాడేమో అనుకున్నాం. డాక్టరుగారు అందరినీ కదలమని చెయ్యి ఊపారు కూడా. అప్పుడు కళ్ళు తెరవకుండానే, చెయ్యి ఆవిడ చేతి కోసం వెతుక్కుంటూ, అడిగాడు.

"పులుసు... నాకు మిగిల్చావా?"